సాంబ మసూరికి మూలం వేసిన వరి శాస్త్రవేత్త కృష్ణస్వామి రామయ్య

న్యూఢిల్లీ: తెలుగువారి విస్తళ్లలో నిత్యం కనిపించే సాంబ మసూరి అన్నానికి మూలాలు వెతికితే ఒక దారి కోయంబత్తూరుకు, మరో దారి కటక్‌కు చేరుతుంది. ఆ రెండు చోట్లా పనిచేసి, భారతదేశంలో వరి పరిశోధనకు గట్టి పునాది వేసిన శాస్త్రవేత్త కృష్ణస్వామి రామయ్య. జీవితపు మలి దశలో ఆయన నామినేటెడ్ సభ్యునిగా రాజ్యసభలోనూ సేవలందించారు.

రామయ్య 1892లో తమిళనాడు తీరంలోని కీలకరైలో జన్మించారు. మద్రాసు వ్యవసాయ కళాశాలలో విద్యాభ్యాసం అనంతరం కోయంబత్తూరు వరి పరిశోధనా కేంద్రంలో ఎఫ్.ఆర్. పార్నెల్ వద్ద సహాయకునిగా చేరారు. 1912లో ఏర్పాటైన ఆ కేంద్రమే నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన గోదావరి, కృష్ణా డెల్టాల వరి సాగుకూ దిక్సూచి. కోనమణి రకం చేలో సహజంగా ఏర్పడిన మార్పును గుర్తించి, అక్కడి శాస్త్రవేత్తలు 1921లో జీఈబీ-24 అనే వంగడాన్ని విడుదల చేశారు. సన్నని గింజ, మంచి రుచి కారణంగా అది దక్షిణాదిన విశేష ఆదరణ పొందింది.

ఉన్న రకాల్లో మేలైన మొక్కలను ఎంపిక చేయడంతోనే రామయ్య తృప్తిపడలేదు. రెండు రకాలను సంకరపరచి కొత్త వంగడాలను రూపొందించే పద్ధతిని దేశంలో క్రమబద్ధంగా ప్రవేశపెట్టిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు. కేంబ్రిడ్జిలో ఉన్నత విద్యను అభ్యసించి, ఇండోర్‌లోని పరిశోధనా సంస్థలోనూ పనిచేశారు.

1942లో బెంగాల్ వరి పంటను గోధుమ రంగు మచ్చ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. యుద్ధకాల పరిస్థితులు, పాలనా వైఫల్యాలు తోడై మరుసటి ఏడాది సంభవించిన కరవు లక్షలాది ప్రాణాలను బలిగొంది. ఆ విషాదం నేపథ్యంలో 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధనా సంస్థ ఏర్పడగా, రామయ్య దానికి తొలి సంచాలకులయ్యారు.

నాటి దేశవాళీ వరి రకాలు పొడవుగా పెరిగేవి. ఎరువు ఎక్కువ వేస్తే పైరు వాలిపోయి దిగుబడి చేతికందేది కాదు. జపాన్ ప్రాంతపు జపానికా రకాలు ఎరువుకు చక్కగా స్పందించినా మన వాతావరణానికి ఒదగవు. ఈ రెంటి సుగుణాలను ఒక్క మొక్కలో మేళవించేందుకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1950ల్లో కటక్ కేంద్రంగా అంతర్జాతీయ సంకరణ పథకం ప్రారంభమైంది. దాని రూపకల్పనలో రామయ్యది ప్రధాన పాత్ర.

ఫలితం తేలిగ్గా దక్కలేదు. వందలాది సంకరాల్లో అధిక భాగం తాలు గింజలతోనే ముగిశాయి. రైతు పొలానికి చేరిన రకాలు వేళ్లపై లెక్కించదగినన్నే. వాటిలో తంజావూరు డెల్టాకు అందిన ఏడీటీ-27 ఒకటి. 1965లో మలేసియాలో విడుదలై, అనంతరం ఆంధ్ర ప్రాంతంలో విస్తరించిన మసూరి మరొకటి.

1968 నుంచి 1974 వరకు రామయ్య రాజ్యసభ సభ్యునిగా ఉన్నారు. పొట్టి వంగడాలతో హరిత విప్లవం వేళ్లూనుకుంటున్న రోజులవి. అంతకుముందే 1957లో పద్మశ్రీ అందుకున్న ఆయనను 1970లో పద్మభూషణ్ వరించింది.

ఆయన తొలినాటి కృషి, మలినాటి కృషి కలుసుకున్నది బాపట్లలో. జీఈబీ-24ను తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1తో సంకరపరచి, ఆ సంతతిని మసూరితో కలిపి రూపొందించిన బీపీటీ-5204 వంగడం 1986లో విడుదలైంది. అదే సాంబ మసూరి. తాలుగా మిగిలిన సంకరాలు వందలుంటే, నిలిచిన ఒక్క మసూరి కోట్లాది కుటుంబాలకు అన్నమైంది. ఆ వంగడం వెలువడిన రెండేళ్లకు, 1988లో రామయ్య కన్నుమూశారు.

ఆనాటి సమస్య ఆకలి. నేడు దానికి నీటి కొరత, చౌడు, వాతావరణ మార్పులు తోడయ్యాయి. ఢిల్లీ చుట్టుపక్కల హరియాణా, పంజాబ్ రాష్ట్రాల్లో వరి సాగుకు తోడుతున్న భూగర్భ జలాలు ఏటేటా అడుగంటుతున్నాయి. ఈ పరిస్థితుల్లో 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. అందులో ‘కమల’కు ఆధారం సాంబ మసూరి. పంటకాలాన్ని తగ్గించి, తద్వారా నీటిని ఆదా చేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. రెండోదైన ‘పూసా డీఎస్‌టీ రైస్-1’కు ఆధారం మార్టేరులో రూపుదిద్దుకున్న ఎంటీయూ-1010.

పరికరాలు మారినా పరిశోధన సాగుతున్నది రామయ్య తరం అందించిన విత్తన సంపద మీదనే. వరి పరిశోధనలో విత్తే చేయి ఒకరిది, కోసే చేయి మరొకరిది. నేడు ప్రయోగశాలలకు దక్కే నిధులను, సమయాన్ని ఒకటి రెండు పంటకాలాల ఫలితంతో తూచలేమనడానికి రామయ్య జీవితమే తార్కాణం.