సుబ్బమ్మగారి పొయ్యి

మా ఛత్రినాక సందుల్లో తెల్లవారుతూనే ఇడ్లీలు వేసి అమ్ముకుంటూ పిల్లల్ని చదివించుకునే తల్లుల్ని చూసినప్పుడల్లా నాకు సుబ్బమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి.

ప్రకాశంగారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఆయనకు పదకొండేళ్ళప్పుడు తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడమంటే పరువు తక్కువ అనుకునే రోజులవి. అయినా ఆవిడ పొయ్యి ఆర్పలేదు. కొడుకు పరీక్ష ఫీజుకి 3 రూపాయలు ఎక్కడా పుట్టకపోతే, ఉన్న పట్టుచీర తాకట్టు పెట్టి కట్టించారు.

ఆ తర్వాత అదృష్టం మాష్టారి రూపంలో వచ్చింది. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే హనుమంతరావు నాయుడుగారు ప్లీడరీ కోసం రాజమండ్రి వెళుతూ ఈ కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళారు. అక్కడ చదివించి, లా చదువుకీ అండగా నిలిచారు. ప్రకాశంగారు రాజమండ్రిలో ప్లీడరయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. మద్రాసులో బాగా గడించి, ఆ గడించిందంతా స్వాతంత్ర్యోద్యమానికి ధారపోశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు.

అలాంటి గురువు దొరకడం అదృష్టమే, కాదనను. కానీ ఆయన కంటబడాలంటే ముందు కుర్రాడు బళ్ళో ఉండాలిగా! బళ్ళో నిలబెట్టింది ఆ పొయ్యే. పంతులుగారి పేరున ఒక జిల్లా ఉంది. సుబ్బమ్మగారి పేరు మాత్రం మన పిల్లలకు మనమే చెప్పుకోవాలి.