సంభాషణప్రియుడు జాన్సను

శామ్యూల్ జాన్సను 1709వ సంవత్సరమున ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. ఆ అంగడియే బాలునకు తొలి విద్యాలయము. చూపు మందమైనను, చేతికందిన గ్రంథమునెల్ల అతడు ఆసక్తితో చదివెను. 1728లో ఆక్స్‌ఫర్డున చేరెను గాని, పేదరికముచే పట్టము పొందకయే మరలి వచ్చెను.

పిమ్మట లండను నగరమున రచనలు చేయుచు జీవించెను. ఏండ్ల తరబడి శ్రమించి, 1755లో 40,000కు పైగా పదములుగల ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. అంతకు మూడేండ్ల పూర్వమే భార్య గతించెను. కీర్తి వచ్చెను, ఇల్లు మాత్రము శూన్యమయ్యెను. యౌవనమునుండి వెన్నాడుచున్న మనోవ్యాకులత ఏకాంతమున ఆయనను మిక్కిలి బాధించెడిది.

దానికి ఆయన యెరిగిన మందు మిత్రగోష్ఠి. 1764లో చిత్రకారుడు రెనాల్డ్సుతో కలిసి ఒక గోష్ఠిని నెలకొల్పెను. కవి గోల్డ్‌స్మిత్తు, రాజనీతిజ్ఞుడు బర్కు అందు సభ్యులు. వారమున కొకసారి వారందరు కలిసి భుజించుచు, శాస్త్రములను, కావ్యములను, లోకవృత్తమును ముచ్చటించుకొనెడివారు. జాన్సను వాదమునకు ఎదురుండెడిది కాదు. అంతటి పండితుడును, ఎంత ప్రొద్దుపోయినను, తాను ఆదరించిన అంధురాలగు విలియమ్సుతో తేనీరు త్రాగి, మాటలాడి గాని నిద్రకు పోయెడివాడు కాడు.

1784లో ఆయన మరణించెను. 1791లో మిత్రుడు బాస్వెల్ ప్రకటించిన జీవితచరిత్రమున ఆ సంభాషణములు నేటికిని నిలిచియున్నవి. పుస్తకము విద్య నొసగును. మంచి మాట, ఆ విద్యను నలుగురికి పంచి, ఒంటరి మనసునకు ఊరట గూర్చును.