రంఫర్డు ప్రభువు

హిమాయత్‌నగరమునుండి బషీర్‌బాగు మీదుగ ఆబిడ్సునకు బోవు మన విద్యార్థులు గన్‌ఫౌండ్రీని నిత్యము దాటుచుందురు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు కాలమున ఫిరంగులు పోతపోసిన తావగుటచే దానికా పేరు గలిగెను. రేమండు 1798లో మరణించెను. ఆ యేడే, జర్మనీదేశపు ఫిరంగుల కార్ఖానాలో బయల్పడిన సత్యమొకటి లండను రాయల్ సొసైటీయందు చదువబడెను. దానిని గనుగొనిన రంఫర్డు ప్రభువు చరిత్రమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఈయన అసలుపేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన అమెరికాలోని వోబర్నునందు జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. యౌవనమున బడిపంతులై, 1772లో ధనవంతురాలగు నొక వితంతువును వివాహమాడెను. స్వాతంత్ర్యయుద్ధము చెలరేగినపుడు ఆంగ్లపక్షము వహించి, ఆలిని, పసికూతును విడిచి 1776లో ఇంగ్లండు చేరెను. ఇది ఆయన చరిత్రమునందలి మచ్చ. దానిని దాచుట మాకు సమ్మతము గాదు.

పిమ్మట బవేరియా పాలకుని కొలువున జేరి సైన్యమును సంస్కరించెను. 1790లో మ్యూనిక్ నగరపు బిచ్చగాండ్రకు పనియు, కూడును, వెచ్చని వసతియు గల్పించెను. ప్రభు పదవి లభించినపుడు, తాను పూర్వము బడి చెప్పిన యూరి పాతపేరగు రంఫర్డునే బిరుదముగ గైకొనెను.

వేడిమి యనునది కంటికగపడని యొక ద్రవ్యమని ఆనాటి పండితులలో పెక్కుర మతము. దానికి లవోయిజర్ ప్రభృతులు కేలరిక్ అని పేరిడిరి. లోహమును దొలుచునపుడు, తెగిన ముక్కలనుండి అది వెలికి వచ్చునని వారనుకొనిరి. మ్యూనిక్ ఆయుధశాలలో తొలువబడు ఫిరంగి మిక్కిలి వేడెక్కుట పనివారందఱు నెఱిగినదే. రంఫర్డు మాత్రము కారణమును వెదకెను. మొద్దుబారిన బరమాను ఇత్తడికి గట్టిగ నదిమి, చుట్టును నీటితొట్టి నమర్చి, గుఱ్ఱములచే త్రిప్పించెను. రెండున్నర గంటలకు 18¾ పౌండ్ల నీరు నిప్పు లేకయే తెర్లెను. చూచువారు విస్తుపోయిరి. రాలిన పొడి అత్యల్పము. దాని ఉష్ణగ్రాహక గుణమును మాఱలేదు. త్రిప్పినంతసేపు వేడిమి తఱుగక పుట్టుచునే యుండెను. ఎంత తోడినను తఱుగనిది ద్రవ్యమెట్లగును? అది చలనరూపమే యని ఆయన నిశ్చయించెను. లోకము వెంటనే యొప్పుకొనలేదు. 1840 తరువాత జూల్ పండితుడు కొలిచి చూపిన పిమ్మటనే ఆ మతము స్థిరపడెను.

1799లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు రంఫర్డు కారకుడయ్యెను. 1805లో లవోయిజర్ భార్యయగు వితంతువును బెండ్లాడెను గాని ఆ కాపురమును నిలువలేదు. 1814వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన పారిసు చెంత మరణించెను.

ఆయన విత్తిన విత్తనము నేటికిని ఫలించుచున్నది. 1991లో ఇంగ్లండునందలి వెల్డింగ్ ఇన్‌స్టిట్యూటువారు ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్ అను క్రొత్త యతుకు పద్ధతిని గనిపెట్టిరి. అందు గిరగిర తిరుగు మేకువంటి పనిముట్టు అల్యూమినియపు పలకల యంచులను, కరగింపకయే, రాపిడి వేడిమిచే మెత్తపఱచి కలిపివేయును. వేడి హెచ్చినకొలది లోహము మెత్తబడును. మెత్తబడినకొలది రాపిడి తగ్గును. అది తగ్గగా పుట్టు వేడియు తగ్గును. కావున ఈ పనిని గణితముచే ముందుగ నూహించువారు ఘర్షణ గుణకమును ఒకే సంఖ్యగ నుంచిన లెక్క తప్పును. వేడిమినిబట్టి మాఱుదానినిగ గైకొనవలయును.

బాలబాలికలారా! అందఱు చూచిన దానినే రంఫర్డు శ్రద్ధతో చూచెను. దేవుడు మీకిచ్చిన కన్నులను అట్లే వినియోగింపుడు. ఆయన బుద్ధిని గైకొనుడు. తనవారిని విడిచిన దోషమును మాత్రము అనుసరింపకుడు.