కుమారి ఇస్సెట్టు పియర్సను
(స్త్రీల గాల్ఫు క్రీడకు సమమైన కొలత నేర్పరచిన మహిళ)

జయము నొందిన వారి చరిత్రములు లోకమందు పెక్కులు గలవు. తాము ఓడియు, తమ వెనుక వచ్చు వేలకొలది జనులు న్యాయముగా ఆడుకొనుటకు బాటవేసిన వారి చరిత్రములు మాత్రము కొలదిగా నున్నవి. అట్టివారిలో ఇంగ్లండు దేశస్థురాలగు ఇస్సెట్టు పియర్సను ఒకతె. ఈమె 1861వ సంవత్సరమున జన్మించి, 1941లో పరమపదించెను. ఈమె పేరు మన విద్యార్థినులు వినియుండకపోవచ్చును గాని, ఈమె చేసిన పని వారికి మిగుల నుపయోగకరమని తలంచి, ఈ సంచికలో ఈమె జీవితమును సంగ్రహముగా వ్రాయ నుద్యమించితిమి.

ముందుగా గాల్ఫు అను ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. మన అంగలకుదురు చుట్టుప్రక్కల వరిచేలును కాలువలునే గాని గాల్ఫు మైదానములు లేవు. మన రాష్ట్రమున విశాఖపట్టణమందును, తెలంగాణములో హైదరాబాదునందలి గోల్కొండ కోట చెంతను అట్టి మైదానములు గలవు. మన బాలురు గోళీని గుంటలో పడవేయునట్లు, గాల్ఫులో చిన్న బంతిని కఱ్ఱతో కొట్టి, దూరముననున్న చిన్న గుంటలో పడవేయవలెను. సాధారణముగా ఇట్టి గుంటలు 18 ఉండును. అన్నిటిని ముగించుటకు ఎవరికి తక్కువ దెబ్బలు పట్టునో వారిదే గెలుపు.

పియర్సను యౌవనమున నున్నప్పుడు ఇంగ్లండు స్త్రీలకు ఈ ఆటలో స్థానము మిక్కిలి స్వల్పము. పెక్కుచోట్ల పురుషుల మైదానమునకు ప్రక్కన ఒక చిన్న తావు వారికి విడిచిపెట్టబడెను. స్త్రీ కఱ్ఱను భుజము దాటి యెత్తరాదనియు, ఆమె బంతి డెబ్బది యెనుబది గజములకు మించి పోనక్కరలేదనియు ఆనాటి పెద్దలు కొందరు వ్రాసియుండిరి. నేలనంటు పావడాలు, బిగుతైన నడికట్లు, తలపై టోపీలు ధరించి, గాలి వీచినప్పుడు బట్టలను సవరించుకొనుచు వారాడవలసి వచ్చెను. ఇట్టి దినములలో కుమారి పియర్సను లండను నగరమునకు చేరువనున్న వింబుల్డను స్త్రీల క్లబ్బులో చేరి, ఆటయందు మంచి నేర్పు సంపాదించెను.

1893వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన స్త్రీల క్లబ్బుల ప్రతినిధులు లండనులో సమావేశమై, స్త్రీల గాల్ఫు సంఘమును స్థాపించిరి. డాక్టరు లెయిడ్లా పర్వెసు అను వైద్యుడు ఈ పనికి మిక్కిలి తోడ్పడెను. కుమారి పియర్సను గౌరవ కార్యదర్శినిగా నెన్నుకొనబడెను. ఆటకు ఒకేవిధమగు నిబంధనలుండుట, ఏటేట ఒక పెద్దపోటీ జరపుట, తగవులు వచ్చినప్పుడు తీర్పు చెప్పుట, అన్ని క్లబ్బులకు నొకటే హాండికాపు పద్ధతి నేర్పరచుట, ఇవి ఆ సంఘముయొక్క ముఖ్యోద్దేశములు. ఆ కాలపు ప్రసిద్ధ క్రీడాకారుడగు హోరేసు హచిన్సను, ఇట్టి సంఘము నిలువదనియు, స్త్రీలు కలిసి పనిచేయజాలరనియు, ఒక పెద్దపోటీని సాగించు దేహబలము వారికి లేదనియు ముందుగానే జాబు వ్రాసి హెచ్చరించెను. అతని జోస్యము తప్పెను.

ఆ యేటనే మొదటి పోటీ లంకషైరు తీరమునందలి సెయింటు ఆన్సు మైదానమున జరిగెను. పియర్సను తుదియాట వరకు వచ్చి, లేడీ మార్గరెట్టు స్కాటు చేతిలో ఓడిపోయెను. మరుసటి యేడు 1894లో లిటిల్‌స్టోను మైదానమున మరల తుదియాటకు వచ్చి, మరల ఆమె చేతిలోనే ఓడెను. లేడీ మార్గరెట్టు వరుసగా మూడేండ్లు గెలిచి, పిమ్మట పోటీలనుండి విరమించెను. రెండుమారులు ఓడిన పియర్సను మాత్రము పని విడువలేదు. గెలిచినామె కీర్తి గ్రంథములలో నిలిచెను. ఓడినామె పని ప్రతి మైదానమున నిలిచెను.

ఆ పని యెట్టిదో వివరింతుము. నేర్పరియు క్రొత్తగా నేర్చుకొనునదియు ఒకచోట ఆడినచో గెలుపెవరిదో ముందే తెలిసిపోవును. అట్టి ఆట ఇరువురకును రుచింపదు. కావున బలహీనురాలికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కించుట ఆచారమయ్యెను. ఈ తగ్గింపునకే హాండికాపు అని పేరు. ఒకతె 80 దెబ్బలలో ఆట ముగించెననుకొందము. ఆమె హాండికాపు 6 అయినచో నికరము 74. వేరొకతె 98 దెబ్బలు కొట్టినను, ఆమె హాండికాపు 26 అయినచో నికరము 72. ఆనాటి గెలుపు రెండవ యామెదే. అనగా ఒక్కొక్కతె తన తోడివారితో గాక, తన శక్తితోనే పోటీపడుచున్నదన్నమాట.

అయితే ఆ దినములలో హాండికాపులను ఏ క్లబ్బు తనకు తోచినట్లు అది ఇచ్చుచుండెను. సులువైన చిన్న మైదానమున సంపాదించిన హాండికాపు, కష్టమైన పెద్ద మైదానమున చెల్లని నాణెము వంటిది. ఒకయూరి సోలయు మరియొకయూరి సోలయు వేరైనచో సంతలో బేరమెట్లు సాగును? పియర్సను ఈ లోపమును దిద్దుటకు పూనుకొనెను. ఆమె నడిపిన సంఘము ఒక్కొక్క మైదానమునకు, నిపుణురాలికి పట్టదగిన దెబ్బలసంఖ్యను నిర్ణయించి, ఆడువారు తెచ్చిన లెక్కచీట్లను ఆ సంఖ్యతో పోల్చి హాండికాపులు కట్టుటకు నియమములు చేసెను. నియమము తప్పిన క్లబ్బులకు ఆమె జాబులు వ్రాసెను, మందలించెను, మొగమాటమునకు లోబడలేదు. ఆమె నిరంకుశురాలని గొణిగినవారు లేకపోలేదు. కాని సుమారు పది సంవత్సరములలో, పురుషుల క్లబ్బులు అంతవరకు సాధింపలేని నమ్మదగిన పద్ధతి స్త్రీల క్లబ్బులలో నెలకొనెను. జీతములేని ఆ కార్యదర్శిత్వమును ఆమె పాతికేండ్లకు మించి వహించెను.

నేటికిని పలుదేశములలో స్త్రీలు వారమున కొకనాడు వినోదార్థము కలిసి ఆడుటకు ఈ కొలతయే మూలాధారము. నియమితమైన దినమునకు ముందుగా ఆడదలచినవారు పేర్లిత్తురు. కార్యదర్శిని వారిని మువ్వురు నలువురు చొప్పున జట్లుగా విభజించి, ఒక జట్టు వెనుక నొక జట్టు కొన్ని నిమిషముల వ్యవధిలో బయలుదేరునట్లు వేళలు నిర్ణయించును. ప్రతి యామె తన చీటిని తోడి ఆటకత్తె చేతికిచ్చును. ఒకరి దెబ్బలు మరియొకరు వ్రాయుదురు. ఆట ముగియగానే ఇరువురును చీటిని సరిచూచి సంతకములు చేయుదురు. అప్పుడు హాండికాపు తీసివేసి, నికరపు లెక్క పలకపై ప్రకటింతురు. బాగుగా ఆడుచున్నయామె హాండికాపు తగ్గును. ఆట క్షీణించినయామెది హెచ్చును. ఈ విధముగా అరువదేండ్ల వృద్ధురాలును ఇరువదేండ్ల పడుచును ఒకే బహుమానమునకై నవ్వుచు పోటీ చేయగలరు.

ఈ యేర్పాటంతయు నిజముపై నిలిచియున్నది. చెట్ల చాటున కొట్టిన దెబ్బను దాచుట యెంత సులభమో, ఎక్కువ రాయితీ దొరకునని బుద్ధిపూర్వకముగా చెడుగా ఆడుటయు అంత సులభము. మొదటిది గెలుపునకై అబద్ధమాడుట; రెండవది బలహీనురాలికి చెందవలసిన కనికరమును బలవంతురాలు దొంగిలించుట. ఈ రెంటిలో రెండవదియే నీచమని మా యభిప్రాయము. చీట్లను విడువక భద్రపరచుటయు, తోడివారిచేత లెక్క వ్రాయించుటయు ఈ రెండు దోషములకును కొంతవరకు కాపు. అయినను మనస్సాక్షికి మించిన కాపరి లేడు.

1911లో పియర్సను, టి. హెచ్. మిల్లరు అను నాతనిని వివాహమాడెను. వివాహానంతరమును ఆమె సంఘమును విడువక, 1920 దాటువరకు దాని పనులు నడపెను. ఆమె స్థాపించి పెంచిన సంఘము, ఆమె మరణించిన డెబ్బదియారేండ్లకు, 2017లో, సెయింటు ఆండ్రూసునందలి పెద్ద సంస్థతో కలిసిపోయెను. 2020 మొదలు, అంతకుముందు వేర్వేరుగా నుండిన ఆరు హాండికాపు పద్ధతులకు మారుగా స్త్రీపురుషులందరికిని ఒక్క లోకపద్ధతి ప్రవేశపెట్టబడెను. అన్ని మైదానములకు ఒక్క కొలత యుండవలెనని ఆమె పట్టిన పట్టు ఇట్లు దేశములను దాటి ఫలించెను. మన దేశపు బాలిక అదితి అశోకు 2021లో టోక్యో ఒలింపిక్సునందు ఈ ఆటలో నాలుగవ స్థానము నొందినది. స్త్రీలకు కఱ్ఱను భుజము దాటి యెత్తుట తగదన్నవారి మాట యెంత దూరము వెనుకబడెనో దీనివలన తెలియును.

విద్యార్థినులారా! మన పాఠశాలలలో ఆటలవేళ నేమి జరుగుచున్నది? వేగముగా పరుగెత్తు నలుగురైదుగురు బాలికలు ఆడుచుందురు. తక్కినవారు చెట్టునీడను కూర్చుందురు. ఎల్లప్పుడు ఓడువారు ఆడుట మానుదురు; ఆడుట మానినవారు బలహీనులే యగుదురు. తరువాత పెండ్లియైనచో ఆట యన్నమాటయే మరచెదరు. ఇది వారి తప్పుగాదు, మన యేర్పాటుయొక్క లోపము. పరుగుపందెమున నెమ్మదిగా పరుగెత్తు బాలికను పది గజములు ముందు నిలుపుడు. తొక్కుడుబిళ్ళలో చిన్నదానికి ఒక తప్పు మన్నింపుడు. ప్రతివారము ఫలితములను ఒక పుస్తకమున వ్రాసి, ఆ రాయితీని సవరించుచుండుడు. దీనికి గాల్ఫు మైదానము నక్కరలేదు, వెలగల కఱ్ఱలు నక్కరలేదు. ఒక పుస్తకమును, దానిని నమ్మకముగా వ్రాయు ఒక బాలికయు చాలును.

దేవుడు అందరికి నొకే కొలది తలాంతు లిచ్చియుండలేదు. ఇచ్చినదానిని పాతిపెట్టకుండుటయే మన విధి. తోడివారు తమ తలాంతును బయటికి తీయుటకు తావు కల్పించుట అంతకంటె గొప్ప సేవ. ఇస్సెట్టు పియర్సను బహుమానపు గిన్నెను రెండుమారులు పోగొట్టుకొనియు ఆ సేవను చేసెను. మీలో పరుగుపందెమున గెలువలేని బాలికయే రేపు ఆ లెక్కపుస్తకమును చేతబట్టి, చెట్టునీడనున్న వారినందరిని మైదానమునకు పిలుచునదిగా నుండుగాక.