వదిలేసిన పాకలో మొదలైన నాటకం

ఏటా ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తాం కదండీ. అది కందుకూరి వీరేశలింగం పంతులు గారు పుట్టిన రోజు. ఆ రోజు ఫ్లెక్సీలు కడతారు, దండలేస్తారు, శాలువాలు కప్పుతారు. ఆయన గొప్పోడని అందరూ మైకులో చెప్తారు. కానీ ఆయన తన మొదటి నాటకాన్ని ఎవరో కట్టి వదిలేసి పోయిన పాకలో ఆడించేరన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే మన కుర్రాళ్లకి ముందు చెప్పాల్సింది అదే.

ఎందుకంటే ఇప్పుడు మన కోనసీమలో గానీ, భీమవరం వైపు గానీ, సరదాపడి నాటకం వేద్దామనుకునే పిల్లలు నలుగురు చేరితే మొదట వచ్చే మాట డబ్బులు. హాలు అద్దెంత, లైట్లవాడు ఎంత అడుగుతాడు, కాలరు మైకులు ఎన్ని కావాలి, సెట్టింగు ఎవడు వేస్తాడు. నాటకం రాయకముందే ఎస్టిమేటు రాసేస్తన్నారు. ఆ కాగితం చూసుకుని ఎవరింటికి వాళ్లు పోతన్నారు.

పంతులు గారిదేమీ ఉన్నోళ్ల ఇల్లు కాదు. 1848లో రాజమండ్రిలో పుట్టేరు. నాలుగేళ్లకే తండ్రి పోతే పెదనాన్న గారు పెంచేరు. చిన్నప్పట్నుంచీ దగ్గూ ఆయాసమూ ఆయన్ని వదల్లేదు. చదువయ్యేక బడిపంతులు ఉద్యోగం. కోరంగిలో కొన్నాళ్లు, ధవళేశ్వరంలో కొన్నాళ్లు, ఆ తర్వాత రాజమండ్రి. ఎక్కడున్నా బతుకు పంతులు జీతం మీదే.

ధవళేశ్వరంలో ఉండగానే 1874 అక్టోబరులో వివేకవర్ధని పత్రిక మొదలెట్టేరు. చేతిలో అచ్చు మిషనుందా? లేదు. ఇక్కడ రాసి మద్రాసు పంపితే అక్కడ సంజీవనీ ప్రెస్సులో అచ్చయ్యేది. అప్పటికి రాజమండ్రికి రైలే రాలేదు. గోదారి మీద హేవలాక్ బ్రిడ్జి తెరిచింది 1900లో. అంత దూరం నుంచి పత్రిక నడపడం ఎంత తలనొప్పో ఊహించుకోండి. అయినా మిషను వచ్చేదాకా ఆగుదాం అనలేదు. ముందు పత్రిక తెచ్చేరు. ఆ తర్వాత స్నేహితుల్ని కలుపుకుని రాజమండ్రిలోనే సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు.

నాటకం విషయంలోనూ అదే వరస. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమండ్రి వచ్చేరు. పాక వేసుకుని ఆటలాడేరు. వాళ్లు ఆడింది మన భాషలో కాదు. అయినా ఊరు ఊరంతా అదే మాట. ఆటలయ్యేక వాళ్లు సామానెత్తుకుని పోయేరు, పాక మాత్రం అక్కడే ఉండిపోయింది. మిగిలినోళ్లకి అది పీకేయాల్సిన పాకలా కనపడితే, పంతులు గారికి మాత్రం రంగస్థలంలా కనపడింది. నటులు కావాలి. డబ్బిచ్చి తెచ్చుకునే స్తోమత లేదు. తన దగ్గర చదువుకునే కుర్రాళ్లనే పోగేసి, తనే రాసిన వ్యవహార ధర్మబోధినిని అందులో ఆడించేరు. తెలుగులో జనం ముందు ఆడిన మొదటి ఆధునిక నాటకం అదేనని చెప్తారు. షేక్‌స్పియర్ హాస్య నాటకం ఒకదాన్ని మన పద్ధతిలోకి మార్చి రాసిన చమత్కార రత్నావళిని కూడా ఆ విద్యార్థుల చేతే వేయించేరు.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పుకోవాలి. తెలుగోళ్ల నాటకం ఆయనతోనే పుట్టిందంటే మాత్రం వీధిభాగోతాల వాళ్లకీ, తోలుబొమ్మలాట వాళ్లకీ అన్యాయం చేసినట్టే. వాళ్లు అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఊరి నడిబొడ్డున నేల మీద దీపాలు పెట్టుకుని తెల్లారేదాకా ఆడేవోళ్లు. తక్కువ సరంజామాతో ఆట కట్టడంలో వాళ్లని మించినోళ్లు లేరు. పంతులు గారు చేసింది వేరే పని. చదువుకున్న కుర్రాళ్లని వేషం కట్టించి, ఇయ్యాళ్టి మనుషుల సంగతి ఇయ్యాళ్టి మాటల్లో ఆడించడం.

అసలు ఆయన ఎంచుకున్న కథ చూడండి. వ్యవహార ధర్మబోధినిలో దేవుళ్లు లేరు, రాక్షసులు లేరు, కిరీటాలు అక్కర్లేదు. ప్లీడర్లు, వాళ్ల చుట్టూ తిరిగే కక్షిదారులు, కోర్టులో జరిగే మోసాలు. ప్లీడరు నాటకం అని దానికి ఇంకో పేరు. ఆ మనుషులు రోజూ రాజమండ్రి వీధుల్లో తిరిగేవాళ్లే. వాళ్ల బట్టలు ఎవరింట్లో అయినా దొరుకుతాయి. వాళ్ల మాట తీరు జనానికి నోటికొచ్చు. ఎవడి భాష వాడి నోట్లో పెట్టేరు పంతులు గారు. అప్పటికే వివేకవర్ధనిలో కోర్టు లంచాల మీద రాసి చాలామందితో శత్రుత్వం తెచ్చుకున్న మనిషి. పత్రిక చదవలేనోళ్లు కూడా ఆ పాకలో కూచుని ప్లీడర్ల బాగోతం చూడొచ్చు. నాటకం పదునంతా కథలో ఉంది, తెరల్లో లేదు.

మరుసటి ఏడాది, 1881 డిసెంబరు 11న, తెలుగునాట మొదటి వితంతు వివాహం ఆయనింట్లో జరిగింది. అక్కడా సాయం వచ్చేవాళ్లు తక్కువే. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదారి నుంచి తనే నీళ్లు మోసుకొచ్చి, వంట తనే చేసేరు. ఊరు వెలేసినా విద్యార్థులు పక్కన నిలబడ్డారు. రాజ్యలక్ష్మమ్మ గారి పేరు మీద మనం ఎన్ని సభలు పెట్టేం అని అడగాలనుంది, అది ఇంకోసారి.

రాజమండ్రి టౌను హాలు కట్టించింది కూడా పంతులు గారే, 1890లో. పాకలో నాటకమాడిన పదేళ్లకి. ఆ రోజుల్లోనే అదే ఊళ్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు నాటక సమాజం నడిపితే, చూపు సరిగ్గా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాళ్లకి నాటకాలు రాసిచ్చేరు. అందులో ఆడవేషం కట్టిన పేదింటి కుర్రాడే టంగుటూరి ప్రకాశం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యేరు.

పంతులు గారు ఉన్న ఆస్తి అంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేసి, 1919 మే 27న మద్రాసులో కన్నుమూసేరు. దానికి కొద్ది నెలల ముందే, డెబ్భై ఏళ్ల వయసులో, వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడిగా ఉండడానికి ఒప్పుకున్నారు. బతుకంతా గ్రంథాల భాషలో రాసి పేరు తెచ్చుకున్న మనిషి, చివరికి పాకలో ప్లీడరు గుమాస్తాల చేత పలికించిన భాష పక్కకే వచ్చి నిలబడ్డారు.