అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు

వంగదేశీయులును బ్రాహ్మమతస్థులునగు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టమునొంది, హైదరాబాదున నిజాముకళాశాలకు మూలపురుషులైరి. 1879వ సంవత్సరమున వారికి జ్యేష్ఠసంతానముగా సరోజిని జన్మించెను.

ఆ యింటికి జాతిమతభేదము లేక పండితులును యాచకులును నిత్యము వచ్చుచుండిరి. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో గీతములు రచించుచుండెను. తొమ్మిదవయేట ఇంగ్లీషు మాటాడనని మొండికెత్తిన బాలికను తండ్రి యొకదినము గదిలో నొంటిగా నుంచిరి. ఆమె పొందిన శిక్ష యదియొక్కటియే. అయినను దానిని మేము మెచ్చజాలము. మేము మెచ్చునది తరువాతి నడవడి.

కూఁతురు గణితమునందో శాస్త్రమునందో పండితురాలు కావలెనని వారి కోర్కె. పదునొకండవయేట బీజగణితపు లెక్క తెగక ఆమె పద్యము వ్రాసెను. తమ కోర్కె నెఱవేరకున్నను తండ్రి యామె పద్యములను తామే అచ్చొత్తించిరి. పండ్రెండవయేట ఆమె చెన్నపురి మెట్రిక్యులేషను పరీక్షలో గెలిచెను. 1895లో నిజాముగారి విద్యార్థివేతనముతో ఇంగ్లండున కేఁగెను.

1898లో తాను వరించిన గోవిందరాజులు నాయుఁడుగారిని, అన్యకులజులైనను, తండ్రి సమ్మతితో 1872వ సంవత్సరపు మూఁడవ శాసనము ననుసరించి చెన్నపురిలో వివాహమాడెను. వీరేశలింగము పంతులుగారు ఆ వివాహమును జరిపిరి. తండ్రి 1915లో గతించిరి. 1925లో కూఁతురు కాంగ్రెసు మహాసభ కధ్యక్షురాలయ్యెను.

కూఁతులకు చదువు చెప్పించి, వారు స్వయముగా నిర్ణయించుకొను దినమున వెనుదీయు తండ్రులు మనలో పెక్కండ్రు. చెప్పించిన చదువునకు నిజమైన పరీక్ష ఆ దినముననే కదా!