యల్లాప్రగడ సుబ్బారావు

ఒక శాస్త్రజ్ఞుని పరిశోధన పత్రమును తరువాతివారు తమ పత్రములలో ఎన్నిమారులు పేర్కొనిరో లెక్కించి, అతని ప్రభావమును అంచనా కట్టుట పండితులలో ఒక వాడుక. ఈ తూనికలో మిక్కిలి బరువు తూగిన పత్రములలో ఒకదానిని రచించినవారిలో ఒక తెలుగువాడు కలడు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు గట్టెక్కెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందెను. పిమ్మట అమెరికాకు వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కే యొద్ద పరిశోధనకు చేరెను.

రక్తములోని భాస్వరమును సులువుగా, సరిగా కొలుచుట ఎట్లు? ఇదియే వారి సమస్య. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును చేర్చి, మరియొక రసాయనమును కలిపినచో నీలివర్ణము పుట్టును. రంగు ఎంత చిక్కనైనచో భాస్వరము అంత ఎక్కువ. ఈ పద్ధతిని 1925లో ప్రకటించిరి. గుంటూరు సీమలో పత్తి, మిరప పండు నేలల భాస్వరమును పరీక్షించుటకును ఇట్టి నీలివర్ణమే ఆధారము. కండరములను ఈ పద్ధతితో పరీక్షించుచుండగా రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆ ఆలస్యమునకు కారణము వెదకి, 1927లో ఫాస్ఫోక్రియాటినును కనుగొనిరి. 1929లో ఏ.టి.పి.ని గూర్చి ప్రకటించిరి.

సుబ్బారావు 1948లో న్యూయార్కున మరణించెను. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో పత్రముల ప్రస్తావనలను లెక్కించు సూచిని వెలువరించెను. అందు 1925 నాటి పత్రమునకు ప్రస్తావనలు వేలకొలది చేరినవి. అయితే ఆనాటి సూచిలో పత్రములు మొదటి రచయిత పేరు క్రిందనే చేరెడివి. కావున ఆ వేలన్నియు ఫిస్కే పేరిట కనబడెను. సుబ్బారావు పేరు వెదకినవానికి అవి దొరకవు! మరియొక విచిత్రము: ప్రాణికోటి శక్తికి మూలమగు ఏ.టి.పి. పత్రముకంటె కొలత పద్ధతిని తెలుపు పత్రమునకే ప్రస్తావనలు అధికము. పనిముట్టును పదిమంది వాడుదురు గదా.

1940లో ఆయన లెడర్లీ సంస్థకు చేరెను. ఆయన బృందము తయారుచేసి ఇచ్చిన అమినాప్టెరిన్‌తో బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తకేన్సరు పిల్లలకు చికిత్స చేయగా, కొందరికి వ్యాధి కొంతకాలము అణగెను. 1948లో వెలువడిన ఆ పత్రపు రచయితలలో సుబ్బారావు లేడు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను సైతము, 1947లో, ఆయన బృందమునుండియే వెలువడినది. మన తీరగ్రామములలో ఆ మాత్రను మ్రింగినవారు ఏ పత్రమునందును ఎవరి పేరును వ్రాయలేదు.